జాలీ మీద సిందూరం

"అయిదు దాటిందా, నేను ఠాణా మెట్లెక్కుత. ఇగ నన్నెవ్వరు ఆపొద్దు," అన్నాడు ధనుంజయ్.

అప్పటికి సమయం రెండుంబావు.

సిరిసిల్లలో అరవై సాంచలున్న కార్ఖానాకు ఆసామి ఆయన. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. పదహారో ఏట సాంచ మీద కూర్చున్నవాడు, నలభై రెండేళ్ల తర్వాత ఇంటిముందు నల్లటి జర్మన్ కారు నిలబెట్టాడు. ఇప్పుడు ఆ కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు.

డిటెక్టివ్ సంధ్యారాణి నోట్‌బుక్‌లో టైము రాసుకుంది. ఇంకా రెండు ముప్పావు గంటలుంది. ఆలోగా తేలకపోతే, జగిత్యాలలో కార్ల స్పీకర్లు బిగించే అఖిల్ దొంగవుతాడు. సోమవారం పొద్దున హైదరాబాద్‌లో ఓ పెద్ద షోరూంలో అతను సౌండ్ టెక్నీషియన్‌గా చేరాలి. నూట నలభై మంది పోటీ పడితే దొరికిన ఒక్క ఉద్యోగం అది. కేసు పడ్డ మనిషికి పక్కవాడి కారు తాళం ఎవరిస్తారు?

సంగతి చిన్నదే. కిందటి శ్రావణంలో ధనుంజయ్ ఈ కారును ఒక ఏజెంటు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కంపెనీలోనే బిగించి వచ్చిన మేలురకం సౌండ్ సిస్టం, మొత్తం ఇరవై నాలుగు స్పీకర్లు అని తనిఖీ రిపోర్టులో ఫోటోలతో సహా ఉంది. పదకొండు రోజుల కిందట, మంగళవారం, డ్రైవర్ పక్క తలుపు గడగడమంటోందని అఖిల్ దుకాణానికి తీసుకెళ్లాడు. బండి లోపలికి పోయింది పదకొండు పదికి, బయటికి వచ్చింది రెండు నలభైకి. మొన్న గురువారం కూతురు రాధిక సెలవుకు వచ్చి, కారులో ఒక పాట పెట్టి, సగంలోనే ఆపేసింది. ఇవి ఆ స్పీకర్లు కావని చెప్పింది. శుక్రవారం ఒక మెకానిక్ తలుపులు విప్పి చూస్తే, నిజంగానే మామూలు స్పీకర్లు.

పొద్దున జగిత్యాలలో సంధ్యారాణి అఖిల్‌ను గంటసేపు అడిగింది. ఈ కారును కంపెనీ మూడు రకాల సౌండ్‌తో అమ్ముతుందట. అన్నిటికన్నా కింద పది స్పీకర్లది, నడుమ పదహారుది, పైన ఇరవై నాలుగుది. పైదానికి మాత్రమే పైకప్పులో నాలుగు స్పీకర్లు, సీట్ల వీపులో రెండు చిన్న మోటార్లు ఉంటాయి. డప్పు మోగితే వెన్నుకు తగులుతుంది. బయటికి మూడూ ఒక్కలాగే ఉంటాయి. స్పీకరు మీది సన్నరంధ్రాల మూతను జాలీ అంటారు, దాని మీద చెక్కిన పేరే తేడా. ఆ జాలీ ఊడదీసి ఇంకోదానికి పెట్టడం అయిదు నిమిషాల పని అన్నాడు అఖిల్.

అక్కడే ఆమె గట్టిగా పట్టుకుంది.

"నువ్వు తలుపు విప్పినవ్ గద. లోపలిది మామూలు స్పీకరని నీకు కనవడలేదా?"

"కనవడ్డది మేడం. చెప్పిన గూడ. జాలీ మీద పేరు పెద్దది సేటూ, లోపల సరుకు చిన్నది అన్న. సరే సరే అని నవ్విండు."

ఆ మాట చెప్పేటప్పుడు ఎక్కడున్నావని ఆమె అడిగింది. తలుపు లోపల తల పెట్టి ఉన్నాడట. గమ్ము వాసనకు మూతికి మాస్కు కట్టుకున్నాడట. అది రాసుకుని ఆమె కింద రెండు గీతలు గీసింది.

ఇప్పుడు ఆ సంగతే ధనుంజయ్‌ను అడిగితే ఆయన ముఖం ఎర్రబడింది. "ఆడు ఒక్క మాట చెప్పలె. చెప్తే ఊకుంటనా? నేనేమన్న ఎర్రోన్నా సంధ్యమ్మా?"

"కాదు కాకా," అంది సంధ్యారాణి. ఆయన కళ్లలోకి చూసింది. అబద్ధం చెప్పేవాడి చూపు కాదది. పొద్దున అఖిల్ చూపూ అలాగే ఉంది.

"ఇంటి ఇంటికి తిరిగి పెండ్లి సంబంధాల ఎంక్వయిరీ చేసుకుంటున్నవనుకున్న. కార్లల్ల గూడ వేలు వెడుతున్నవా సంధ్యా?"

వరండాలో కుర్చీలో కాళ్లు బారజాపి టీ తాగుతున్నాడు శ్యాంసుందర్. ఇన్సూరెన్స్ వాళ్లకు క్లెయిములు విచారించే మనిషి. ఆరేళ్ల కిందట కరీంనగర్‌లో ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేశారు. ఆమె పట్టుకున్న దొంగలు అతని పేరు మీద పట్టుబడేవారు. నిన్న కారు అమ్మిన ఏజెంటు పంపితే వచ్చి, ఒక్కరోజులోనే అఖిల్ దొంగ అని తేల్చేశాడు.

"సంబంధాలల్ల గూడ చూసేది గిదే శ్యాం. పైన మెరుపు, లోపల సరుకు."

"సరుకు ఎవని చేతులకెల్లి పోయిందో తెల్సిపాయె. మూడున్నర గంటలు బండి ఆని దగ్గరుంది. ఇంకేం గావాలె?" చంకలోని తోలుసంచి తట్టాడు. అఖిల్ ఒప్పుకోలు కాగితం అందులో సిద్ధంగా ఉందట. సంతకం పెట్టి, స్పీకర్లు తిరిగి తెస్తానంటే కేసు లేకుండా చూస్తానని సేటుకు మాటిచ్చాడట.

"మూడున్నర గంటలంటే రెండువందల పది నిమిషాలు. ఇరవై నాలుగు స్పీకర్లు," అంది సంధ్యారాణి. "ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు గూడ రావు. తలుపులు, పైకప్పు, సీట్లు విప్పి, మల్ల గీత పడకుంట పెట్టాలె. నీకు సీసమూత తియ్యనీకే అంతసేపు పట్టేది."

"నలుగురున్నరేమో."

"ఆ దుకాణంల నలుగురు నిలవడితే అయిదో మనిషి రోడ్డు మీద ఉండాలె. సరేగని, మూడింటికి ఇదే మోడల్, ఇదే ఏడు బండి ఇంకోటి వస్తుంది. రెండు పక్కపక్కన పెట్టి ఇందాం. నువ్వు గూడ ఉండు."

"ఎవరిది?"

"కోరుట్ల నర్సింగ్ రావు గారిది."

శ్యాంసుందర్ కప్పు కింద పెట్టాడు. కరీంనగర్‌లో అర్జెంటు పని ఒకటి గుర్తొచ్చిందన్నాడు. సేటుకు అయిదింటికల్లా ఫోన్ చేస్తానని చెప్పి, సంచి తీసుకుని తన కారెక్కాడు. సంధ్యారాణి రాసుకుంది: రెండూ యాభై. కప్పులో టీ సగం అలాగే ఉంది.

నర్సింగ్ రావు చెప్పిన మాటకు అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. పాత దొరల కుటుంబం, ఇప్పుడు విత్తనాల వ్యాపారం. పెళ్లికొడుకును దింపినట్టు కారు తెచ్చి నిలిపాడు. మధ్యాహ్నం కోరుట్లలో ఆయన్ను ఒప్పించడానికి సంధ్యారాణికి పావుగంట పట్టింది. తన బండి జిల్లాలోనే మేలైనదని నలుగురి ముందు తేలుతుందన్న మాటే చివరికి పనిచేసింది.

"జూడమ్మా, విప్పుడు గిప్పుడు అంటే మాత్రం నేనొప్ప. ఇనుడే," అన్నాడు దిగుతూనే.

రెండు నల్లకార్లు పక్కపక్కన నిలిచాయి. రాధిక ఫోనులో పల్లెపాట ఒకటి ఉంది. లావు డప్పు, దాని మీద సన్నటి గజ్జెలు. ముందు తండ్రి కారులో పెట్టింది. సంధ్యారాణి తెర మీద సౌండ్ సెట్టింగు తెరిచింది. డప్పు మోత గీత నడిమధ్యలో ఉంది. సన్నటి ధ్వని గీత మాత్రం కుడివైపు చిట్టచివరకు, ఇక జరగడానికి చోటు లేనంత దూరం నెట్టి ఉంది.

"ఇది ఎవరు పెట్టిండ్రు కాకా?"

"నేనే. కొన్ననాడే పెట్టుకున్న. అప్పటి సంది ముట్టలె. నా తాళంచెవితోని తీస్తే గదే వస్తది."

ఆమె నర్సింగ్ రావు కారులో కూర్చుని, గీతను అదే చోటికి జరిపి, అదే పాట పెట్టింది.

నర్సింగ్ రావు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "ఆపమ్మా. సూదులు గుచ్చినట్టున్నది." రాధిక రెండడుగులు వెనక్కి వేసింది. తెరిచిన తలుపు పక్కనే నిలబడ్డ ధనుంజయ్ మాత్రం ప్రశాంతంగా వింటున్నాడు.

"మంచిగనే ఉంది గద," అన్నాడు.

సంధ్యారాణి పాట ఆపింది. ఆమె గుండెలో ఏదో తెగిన పోగు అతుక్కుంది. ఇంట్లో తన నాన్న టీవీ ఇలాగే పెట్టేవాడు. పక్కింటివాళ్లు వచ్చి తగ్గించమంటే, నవ్వి, తల ఊపి, మళ్లీ పెంచేవాడు.

ఆమె దిగి, రిపోర్టు ఫైలు తెరిచి చదువుతున్నట్టుగా మూతికి అడ్డం పెట్టుకుంది. మామూలు గొంతుతోనే, "కాకా, ఈ కారు నాకు ఊరికెనే ఇచ్చెయ్యండ్రి. రేపు తీస్కపోత," అంది.

ధనుంజయ్ నవ్వాడు. "సరే సరే. మంచిది," అని తల ఊపాడు.

నర్సింగ్ రావు తెల్లబోయాడు. రాధిక తండ్రి ముఖం చూసింది. ఆ చూపులోంచి ఆయనకు అర్థమైంది, ఏదో జరిగిపోయిందని. ఏం జరిగిందో మాత్రం తెలియలేదు. మెడ నరాలు ఉబ్బాయి. "ఏంది, అందరు గట్ల చూస్తున్నరు? నాకేమైంది? నాకు అన్ని ఇనవడుతయ్."

సంధ్యారాణి ఫైలు కిందికి దించింది. ఆయనకు ఎదురుగా నిలబడి, గొంతు అసలు తియ్యకుండా, పెదవులు మాత్రం కదిలించింది. సాంచలు నడిచేటప్పుడు కార్ఖానాలో మాటలు అలాగే నడుస్తాయి. అరవై సాంచల మోతలో అరిచినా వినపడదు, పెదవి చూసి బదులు చెప్పాల్సిందే. పక్కనున్న ఇద్దరికీ ఒక్క అక్షరమూ వినపడలేదు.

ధనుంజయ్ మాత్రం బదులిచ్చాడు.

"మీ నాయిన గూడ సాంచలోడేనా?"

"ముప్పై ఏండ్లు," అంది ఆమె, ఈసారి గొంతుతో. "చెవికి మిషిని పెట్టుకొమ్మంటే చెవిటోనంటరని ఒప్పుకోలె. చివరిదాక మా ముచ్చట ఆయనకు సగమే చేరింది కాకా. ఆ పిలగాడు మీకు చెప్పిండు. మూతికి మాస్కుంది, తల తలుపుల ఉంది. మీకు పెదవి కనవడలె. ఆడు అబద్ధం చెప్పలె. మీరు గూడ చెప్పలె."

బేరానికి వచ్చే షావుకార్ల ముందు, యూనియన్ మీటింగుల్లో, కూతురి దగ్గర కూడా పదేళ్లుగా ధనుంజయ్ దాచిన సంగతి అది. రాధిక వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చేతిని ఆయన మెల్లగా విడిపించుకుని, నర్సింగ్ రావు కారు దగ్గరికి నడిచాడు. పాట పెట్టమని సైగ చేశాడు. గజ్జెలు తగ్గించి పెట్టింది రాధిక.

ఆయన తలుపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. సాంచలో ఏ బోల్టు వదులైందో చూపుతో దొరకదు, చప్పుడుతో అసలే దొరకదు. చట్రం మీద చెయ్యి పెడితే దొరుకుతుంది. తలుపు, సీటు వీపు, పైకప్పు, ఒక్కొక్క చోటా చెయ్యి ఆపాడు. తర్వాత తన కారు దగ్గరికి వచ్చి, అదే వరసలో, అవే చోట్ల పెట్టి చూశాడు. పైకప్పు దగ్గర చాలాసేపు ఉన్నాడు.

"చెవికి రెండు ఒక్కటే," అన్నాడు చివరికి, కళ్లు తెరిచి. "చేతికి గాదు. గా బండ్ల పైకప్పు పాట పాడుతుంది. నా బండ్ల ఉత్తగ ఊగుతుంది. సీటైతే సచ్చిన సాంచే."

"ఎప్పటి సంది కాకా? ఆ మంగళారం సందా?"

ఆయన ఆమె పెదవులు చూశాడు. "నేను రోజు తలుపు మీద చెయ్యేసుకునే నడుపుత. తేడా వస్తే చేతికి తెలుస్తది. కొన్ననాటి సంది గిట్లనే ఉంది."

జాలీలు ఊడదియ్యడానికి అఖిల్ ఇచ్చిన ప్లాస్టిక్ పట్టీ సంధ్యారాణి బ్యాగులో ఉంది. దాంతో ధనుంజయ్ కారు పైకప్పులోని గుండ్రటి జాలీని మెల్లగా లేపింది. చిన్న చప్పుడుతో ఊడి చేతిలోకి వచ్చింది. వెనక గమ్ము ఎండిపోయి పసుపుపచ్చగా ఉంది. జాలీ ఉండిన చోట పైకప్పు గుడ్డ చెక్కుచెదరకుండా ఉంది. చిల్లు లేదు, వైరు లేదు.

నర్సింగ్ రావు గొంతు సవరించుకున్నాడు. విప్పనివ్వనన్న మనిషి, తనే తలుపు తీసి, "నా దాంట్ల గూడ చూడమ్మా. జర మెల్లగ," అన్నాడు. అక్కడ జాలీ వెనక కంపెనీ కోసిన గుండ్రటి చిల్లు, స్పీకరు, దానికి తెల్లటి క్లిప్పుతో వైరు.

"దొంగ స్పీకర్ ఎత్తుకపోతడు," అంది సంధ్యారాణి. "కంపెనీ కోసిన చిల్లును ఎత్తుకపోలేడు. కాకా, మీ బండ్లకు ఇరవై నాలుగు స్పీకర్లు ఎన్నడు రాలె. పదే వచ్చినయ్. పేరున్న జాలీలు అతికిచ్చి అమ్మిండ్రు. అఖిల్ ఏం తియ్యలె, తియ్యనీకి అక్కడేం లేదు."

"మల్ల రిపోర్టుల ఫోటోలు?" అంది రాధిక. "వాటిల్ల స్పీకర్లు ఉన్నయ్ గదా అక్కా. పైకప్పు విప్పి గూడ తీసిండ్రు."

ఉన్నాయి. సంధ్యారాణి ఫైలు తీసింది. ఇందాకటినుంచీ ఆమెను ఇబ్బంది పెడుతున్నది మూడో పేజీలోని ఫోటో. డ్రైవర్ పక్క తలుపు జాలీ, దాని ఎడమ మూలన నారింజరంగు మరక. ప్రింటులో లోపమనుకుంది ఇంతవరకూ. ధనుంజయ్ కారు జాలీ చూసింది. శుభ్రంగా ఉంది. బండి పూజ ఎక్కడ చేయించారని అడిగింది. వేములవాడ రాజన్న దగ్గర, పసుపూ కుంకుమతో, అదీ బంపరు మీదే.

ఆమె నర్సింగ్ రావు కారు తలుపు దగ్గర వంగింది. ఎడమ మూలన, జాలీ సన్నటి రంధ్రాల్లో, నారింజరంగు గట్టిపడి ఉంది.

"గది మా రుక్మిణి పని," అన్నాడు నర్సింగ్ రావు సిగ్గుపడుతూ. కొత్త బండిని కొండగట్టుకు తీసుకెళ్తే, అంజన్న సిందూరం బయట పెడితే వానకు పోతుందని ఆయన భార్య లోపల జాలీకి పెట్టిందట. టూత్‌బ్రష్షుతో రుద్దినా పోలేదట.

సంధ్యారాణి ఫోటోను జాలీ పక్కన పెట్టింది. అదే మరక. అదే మూల.

"రావు గారూ, మీ బండి జాలీలు విప్పి ఫోటోలు ఎవరు తీసిండ్రు?"

"నిరుడు ఎండకాలం ఇన్సూరెన్స్ మనిషి అచ్చిండు. రెన్యువల్‌కు గావాలె అన్నడు. బక్కగ ఉంటడు, చంకల తోలుసంచి. పేరేందో ఉండె." పర్సులో వెతికి ఒక కార్డు తీశాడు.

కార్డు మీద పేరు శ్యాంసుందర్.

టీ సగంలో ఎందుకు వదిలాడో ఇప్పుడు నలుగురికీ తెలుసు. రెండూ యాభైకి బయలుదేరిన మనిషి కరీంనగర్ కాదు, సంతకం కోసం అఖిల్ దగ్గరికే పోయుంటాడని సంధ్యారాణికి మాత్రమే తట్టింది. ఇక్కడినుంచి జగిత్యాల గంటన్నర. గడియారం చూసింది. నాలుగూ ముప్పై రెండు.

ఆమె చేతిలోని ఫోను మోగింది. అఖిల్.

"మేడం, శ్యాంసుందర్ సారు దుకాణంల కూసున్నడు." గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "సేటు ఠాణాల ఉన్నడట. ఇప్పుడు సంతకం పెడితే ఆపుతడట. సోమారం ఉద్యోగం పోవద్దంటే పెట్టుమంటున్నడు. పెన్ను చేతికిచ్చిండు. పెట్టాల్నా మేడం?"

సంధ్యారాణి అఖిల్‌ను కూడా స్పీకరు పెట్టమని, తన ఫోను స్పీకరు నొక్కి ధనుంజయ్ ముందు పట్టుకుంది. ఆయనకు అందులోంచి ఏమీ వినపడదు. వినాల్సిన అవసరమూ లేదు. అరవై సాంచల మోత మీదుగా మాట్లాడే గొంతుతో మాట్లాడాడు.

"అఖిల్ బిడ్డా, సంతకం పెట్టకు. నేను మా ఇంటికాడ్నే ఉన్న. నువ్వు నాకు చెప్పినవ్. నాకు ఇనవడలె. నాకు చెవులు ఇనవడయ్ బిడ్డా. పదేండ్లాయె. తప్పు నాది."

ఆయన ఆగితే నర్సింగ్ రావు అందుకున్నాడు. "శ్యాంసుందరూ, ఆడనే ఉండు. నా బండి ఫోటో ఎన్నూర్లు తిప్పినవో జర చెప్పిపోదువు."

అటువైపు కుర్చీ పడ్డ చప్పుడు. ఎవరో పరుగెత్తారు. కారు తలుపు ధడాల్న మూసుకుంది.

"ఉరికిండు మేడం. సంచి ఇడ్నే ఇడిసిపెట్టిండు."

తొందరపడకుండా, సంచిని గల్లాబల్ల మీద పెట్టి, అందులో ఉన్నది ఉన్నట్టు చెప్పమంది సంధ్యారాణి. కాగితాలు తిరగేస్తున్న శబ్దం వచ్చింది. అఖిల్ ఈసారి గట్టిగానే చదివాడు.

"రిపోర్టులు. పదకొండు కార్లవి. అన్నిట్ల ఒకటే ఫోటో మేడం, జాలీ మూలకు నారింజరంగు బొట్టున్నది. నాలుగు ఫైళ్ల మీద మెకానిక్‌ల పేర్లున్నయ్. మూడింటి పక్కన ఎర్ర పెన్నుతోని 'సంతకం అయింది' అని రాసుంది. నాలుగోది నా పేరు. పక్కన ఏం లేదు."

మూడు సంతకాలు. చెయ్యని దొంగతనానికి దొంగలైన ముగ్గురు మనుషులు. తప్పుడు రిపోర్టు బయటపడ్డ ప్రతిచోటా శ్యాంసుందర్ ఒక మెకానిక్ మీదికి నేరం తోశాడు. జగిత్యాల నుంచి పారిపోతున్నవాడు ఇప్పుడు వాళ్ల దగ్గరికే వెళ్తాడు. నోళ్లు నొక్కడానికో, కాగితాలు మార్పించడానికో.

"అఖిల్, ఫైళ్లన్ని ఫోటోలు తీసి నాకు పంపు. సంచి పట్టుకొని ఠాణాకు పో, నేను ఫోన్ చేసి చెప్త. రేపటి బస్సుకు టికెట్ గూడ తీసుకో. మొదటి పేరు చదువు."

"సారయ్య. ఊరు చందుర్తి."

"చందుర్తి," అంది ఆమె, రాసుకుంటూ.

ధనుంజయ్ ఆమె పెదవులే చూస్తున్నాడు. జేబులోంచి కారు తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టి, తను పక్కసీట్లో కూర్చున్నాడు.

"చందుర్తికి నువ్వు నడుపు బిడ్డా, సంధ్యమ్మ ఎనక కూసుంటది. ముందుగాల గా గజ్జెల మోత తగ్గియ్యి. పక్కోళ్ల చెవులన్న బతుకనీ."